క్రోమ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు: బుల్లెట్ సైలెన్సర్, జేసీబీ రాడ్, బాత్రూమ్ నల్లా, ఫోన్‌లో ఉండే క్రోమ్ కూడా

మాది నల్లగొండలో లేత్ షాపు. క్రోమ్ ట్యాంకులు మా దగ్గర లేవు. ప్లేటింగ్ పని వస్తే హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల వైపు పంపించి చేయిస్తాం (జడ్చర్ల పక్కనున్న బాలానగర్ కాదు, పాలమూరు నుంచి వచ్చేవాళ్ళు ప్రతిసారీ అదే అనుకుంటారు). సామాను ఇచ్చేటప్పుడు, తీసుకెళ్ళేటప్పుడు అందరూ అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు కాబట్టి ఒక్కసారి రాసి పెడుతున్నా.

క్రోమ్ ప్లేటింగ్ అంటే అసలు ఏం చేస్తారు?

ఇనుము, ఇత్తడి లాంటి వాటి మీద కరెంటు పెట్టి క్రోమియం అనే లోహాన్ని పూతగా ఎక్కిస్తారు. చెప్పడానికి ఇంతే. కానీ బుల్లెట్ మీద మెరిసేదంతా క్రోమే అనుకుంటే పొరపాటు. బండి మీద ఉండే క్రోమ్ పొర మందం మామూలుగా అర మైక్రాన్ లోపే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, మన తల వెంట్రుకే దాదాపు 70 మైక్రాన్లు ఉంటుంది. అంత పలచటి పొర తుప్పునూ ఆపలేదు, గీతలనూ దాచలేదు.

పని మొత్తం దాని కింద జరుగుతుంది. ముందు బఫింగ్ చేసి అద్దంలా చేస్తారు, తర్వాత జిడ్డు పోయేలా కడుగుతారు, ఆసిడ్‌లో ముంచుతారు, చాలాచోట్ల రాగి పూత వేస్తారు, దాని మీద 10 నుంచి 40 మైక్రాన్ల దాకా నికిల్, చివర్లో కొద్ది నిమిషాలు క్రోమ్ ట్యాంకులో. తుప్పు నుంచి కాపాడేది నికిల్. నునుపు ఇచ్చేది రాగి, బఫింగ్ చేసిన మనిషి చెయ్యి. క్రోమ్ చేసేదల్లా నికిల్ మసకబారకుండా చూడటం, కాస్త గట్టిదనం, ఆ నీలి మెరుపు. అందుకే "క్రోమ్ బాగా మందంగా కొట్టించు అన్నా" అని ఎవరైనా అంటే, అడగాల్సింది నికిల్ గురించి తమ్మీ అని చెప్తా.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. నికిల్ ట్యాంకులో నికిల్ ముక్కలు వేలాడదీస్తారు, అవే కరిగి వస్తువు మీదికి చేరతాయి. క్రోమ్ ట్యాంకులో మాత్రం క్రోమ్ ముక్క ఉండదు, సీసం పలకలు ఉంటాయి, అవి కరగవు కూడా. క్రోమియం అంతా ట్యాంకులో ఉన్న క్రోమిక్ ఆసిడ్ నుంచే రావాలి. లీటరు నీటికి సుమారు 250 గ్రాముల క్రోమిక్ ఆసిడ్, దానికి వందో వంతు సల్ఫ్యూరిక్ ఆసిడ్, ఇది ఎప్పటినుంచో నడుస్తున్న లెక్క. ఈ లెక్క తప్పితే పూత మసిబారుతుంది, లేదంటే అసలు ఎక్కదు. అన్నీ కుదిరినా, పెట్టిన కరెంటులో 10 నుంచి 20 శాతమే పూతకు పనికొస్తుంది, మిగతాదంతా ఎక్కువగా హైడ్రోజన్ బుడగలుగా పోతుంది.

నికిల్ పాలిష్, క్రోమ్ ఒకటేనా? చూసి చెప్పొచ్చా?

ఒకటి కాదు. పగటి వెలుతురులో రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, నికిల్ కాస్త పసుపు ఛాయగా, క్రోమ్ కాస్త నీలి ఛాయగా కనిపిస్తుంది. ట్యూబులైటు కింద తేడా తెలియదు, దుకాణాల్లో మోసం జరిగేది అక్కడే. నికిల్ మాత్రమే కొట్టి క్రోమ్ అని అంటగడితే కొత్తలో బ్రహ్మాండంగా ఉంటుంది, కొన్ని నెలలకు మసకబారి పచ్చబడుతుంది.

"అన్నా, బుల్లెట్ సైలెన్సర్‌కు మళ్ళ క్రోమ్ కొట్టిస్తే కొత్తదాని లెక్క అయితదా?"

లోహం ఎంత మిగిలిందన్న దాన్నిబట్టి ఉంటుంది. క్రోమ్ గుంతలను పూడ్చదు, సరికదా ఇంకా ఎత్తి చూపిస్తుంది. పైపైన తుప్పు అయితే పాత పూత తీసేసి, గ్రైండింగ్ చేసి, రాగి మందంగా ఎక్కించి, బఫింగ్ చేసి, అప్పుడు నికిల్, క్రోమ్ వేస్తారు, బాగానే వస్తుంది. సైలెన్సర్ సంగతి వేరు. అది లోపలి నుంచి తింటుంది, పొగలో ఉండే తేమ లోపలే నిలిచి రేకు పలచనైపోతుంది. వేలితో తట్టి చూడండి, పలచగా డొల్ల చప్పుడు వస్తే ప్లేటింగ్ డబ్బులు దండగ, కొత్తది కొనుక్కోండి. ఇంకోటి, వాడిన సైలెన్సర్‌ను చాలామంది ప్లేటర్లు తీసుకోరు. లోపలి మసి, నూనె వాళ్ళ ట్యాంకును పాడుచేస్తాయి, వాళ్ళ బాధ వాళ్ళది.

రేటు ఎందుకంత? బండి ముందు పెట్టే కొత్త గార్డే దానికంటే తక్కువకు వస్తోంది కదా.

నిజమే, చాలాసార్లు కొత్తదే చవక. ఫ్యాక్టరీలో వందల గార్డులు ఒకేసారి ఒకే హ్యాంగర్ మీద దిగుతాయి. మీ పాతదానికి ఒక మనిషి కూర్చుని బఫింగ్ చేయాలి, బిల్లులో పెద్ద భాగం ఆ కూలిదే. ఆ తర్వాత నికిల్ ధర. క్రోమ్ ఖర్చు అన్నిటికంటే తక్కువ. దొరకని సామాను అయితేనే, అంటే పాత రాజ్‌దూత్ హ్యాండిలో, తాతల నాటి హెడ్‌లైట్ రింగో అయితేనే రీ-ప్లేటింగ్ గిట్టుబాటు.

ఒక్క వానాకాలానికే తుప్పు ఎందుకు పట్టింది?

తుప్పు ఎలా వచ్చిందో చూస్తే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. సూది మొనలంత చుక్కలు చుక్కలుగా వస్తే నికిల్ పలచగా వేశారని అర్థం. క్రోమ్ పొరలో కంటికి కనిపించని పగుళ్ళు, రంధ్రాలు ఎప్పుడూ ఉంటాయి, నీళ్ళు వాటిలోంచి దిగి నికిల్‌లో ఎక్కడ సందు దొరికితే అక్కడ ఇనుమును పట్టుకుంటాయి. రేకులు రేకులుగా ఊడితే మాత్రం నికిల్ మందం సమస్య కాదు, ముందు సరిగ్గా కడగలేదు, జిడ్డు మీదే పూత వేశారు.

మూడో రకం ఉంది, గార్డు పైపు చివర్ల నుంచి, బోల్టు రంధ్రాల నుంచి ఎర్రటి నీళ్ళు కారడం. దానికి ప్లేటర్‌ను తిట్టి లాభం లేదు. క్రోమ్ మూలల్లోకి, లోతుల్లోకి వెళ్ళదు, పైపు లోపలికి అసలే వెళ్ళదు. లోపల ఉన్నది పచ్చి ఇనుమే. చివర్లకు ప్లాస్టిక్ మూతలు పెట్టండి, లోపల కాస్త పాత ఆయిల్ పోయండి.

మొదట్లోనే పట్టుకుంటే చుక్కల తుప్పు ఇంట్లోనే పోతుంది. అల్యూమినియం ఫాయిల్ ముద్ద చేసి నీళ్ళలో ముంచి మెల్లగా రుద్దండి. అల్యూమినియం క్రోమ్ కంటే మెత్తన కాబట్టి గీతలు పడవు. తర్వాత వ్యాక్స్ పూయండి. ఎమ్రీ పేపర్, గిన్నెలు తోమే స్టీలు పీచు మాత్రం వద్దు, అర మైక్రాన్ పొర దానికి ఎంతసేపు ఆగుతుంది చెప్పండి.

సైలెన్సర్ బెండు దగ్గర నీలం, పసుపు రంగులు వచ్చాయి. డూప్లికేట్ క్రోమా?

కాదు, వేడి. ఎక్కువ వేడికి పైన ఆక్సైడ్ పొర మందమై రంగులుగా కనిపిస్తుంది. మిక్చర్ లీన్‌గా, అంటే పెట్రోలు తక్కువ గాలి ఎక్కువగా ఉందేమో మెకానిక్‌కు చూపించండి.

మా ఇంట్లో నల్లాల మీద తెల్ల మచ్చలు, క్రోమ్ కూడా పోతోంది. మాది ఫ్లోరైడ్ ఊరు, దానివల్లేనా?

ఈ ప్రశ్న మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు వాళ్ళు అడగని రోజు లేదు. మన జిల్లాలో ఏ చెడు జరిగినా ఫ్లోరైడ్ మీదికే పోతుంది, అలవాటైపోయింది. కానీ ఆ తెల్ల మచ్చలు బోరు నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం ఆరిపోయి కట్టిన పొర. నీళ్ళలో ఉండే కొద్దిపాటి ఫ్లోరైడ్ వల్ల క్రోమ్ ఊడదు. ఎముకల సంగతి వేరు, అది నిజమైన బాధే. భగీరథ నీళ్ళు వచ్చిన ఇళ్ళలో ఈ మచ్చలు తగ్గాయని వాళ్ళే చెప్తున్నారు.

మరి క్రోమ్ ఎలా పోతోంది? మచ్చలు పోవడానికి మీరు పోసే బాత్రూమ్ ఆసిడ్ వల్ల. అది హైడ్రోక్లోరిక్ ఆసిడ్. పాత క్రోమ్ తీసేయడానికి ప్లేటర్లు వాడేది కూడా అదే, ముంచితే నిమిషాల్లో బుడగలు వచ్చి క్రోమ్ కరిగిపోతుంది. టాయిలెట్ కడిగే నీలం సీసాల్లో ఉండేదీ చాలావరకు అదే ఆసిడ్. నల్లా మీద పోయకపోయినా, తలుపు మూసి ఫ్లోర్ మీద ఆసిడ్ పోసి గంటసేపు వదిలేస్తే ఆ పొగకే నల్లాలు, షవర్, టవల్ రాడ్ అన్నీ మసకబారతాయి. దసరాకు ఇల్లు కడిగి దీపావళికి నల్లా పట్టుకొని మా దగ్గరికి వచ్చేవాళ్ళు ఉన్నారు.

నిమ్మకాయ చెక్కతో రుద్ది కొద్ది నిమిషాలు ఉంచి కడిగేయండి, మచ్చ పోతుంది. రాత్రంతా మాత్రం ఉంచకండి. ఆ తర్వాత రోజూ పొడి గుడ్డతో తుడిస్తే నిమ్మకాయ అవసరమే రాదు, కానీ ఎవరూ తుడవరని నాకూ తెలుసు.

అయస్కాంతం అంటుకుంటే నకిలీ క్రోమ్ అంటున్నారు, నిజమా?

క్రోమ్ పొరకు అయస్కాంతంతో పనిలేదు, అంటుకుంటోందంటే కింద ఇనుము ఉందని అంతే. నల్లా కొనేటప్పుడు మాత్రం పనికొస్తుంది. అంటుకుంటే ఇత్తడి కాదని తేలిపోయింది. అంటుకోకపోతే ఇత్తడి కావచ్చు, జింకు పోత కావచ్చు, ప్లాస్టిక్ కూడా కావచ్చు, అప్పుడు చేతిలో బరువు చూడండి, లోపలి మరలు చూడండి. ఇత్తడి అయితే మరల దగ్గర పసుపు రంగు కనిపిస్తుంది.

ప్లాస్టిక్ మీద క్రోమ్ ఎలా ఎక్కుతుంది? దానికి కరెంటు పాకదు కదా.

మంచి ప్రశ్న. కార్ల గ్రిల్లులు, లోగోలు చాలావరకు ఏబీఎస్ ప్లాస్టిక్. ముందు ఆసిడ్‌తో పైభాగాన్ని గరుకు చేస్తారు, పల్లాడియం అనే లోహాన్ని అంటిస్తారు, కరెంటు లేకుండా రసాయన చర్యతోనే పలచటి నికిల్ పొర తెస్తారు. ఇక అక్కడినుంచి అది లోహమే, రాగి, నికిల్, క్రోమ్ మామూలుగా నడుస్తాయి. స్ప్రే డబ్బా క్రోమ్ మాత్రం పెయింటే, గోరు పెట్టి గీకితే లేస్తుంది.

జేసీబీ రాడ్ మీద ఉండేది కూడా ఇదే క్రోమా?

లోహం అదే, పని పూర్తిగా వేరు. దాన్ని హార్డ్ క్రోమ్ అంటారు. కింద రాగి, నికిల్ ఏమీ ఉండవు, నేరుగా స్టీలు మీదే క్రోమ్ వేస్తారు. మందం పదుల మైక్రాన్ల నుంచి, అరిగిన సామాను పెంచాలంటే కొన్ని వందల మైక్రాన్ల దాకా ఉంటుంది. గట్టిదనం 65 నుంచి 70 రాక్‌వెల్ సీ, అంటే మామూలు ఆకురాయి దాని మీద జారిపోతుంది. జేసీబీ, ట్రాక్టర్ ట్రాలీ జాకీ, బోరు బండి, మిర్యాలగూడ వైపు తిరిగే వరికోత మెషిన్లు, వీటన్నిటి హైడ్రాలిక్ రాడ్ల మీద ఉండేది ఇదే. బైకు ముందు షాకప్ రాడ్ల మీదా ఇదే.

ఆయిల్ లీకవుతోందని సీల్ మార్చి, మళ్ళీ లీకైతే మళ్ళీ సీల్ మార్చి, మూడోసారి మా దగ్గరికి వస్తారు. రాడ్‌ను శుభ్రంగా తుడిచి గోటిని నిలువునా లాగి చూడండి, ఎక్కడో ఒకచోట గోరు తగులుకుంటుంది. రాయి తగిలిన నొక్కో, పక్కన వెల్డింగ్ చేసినప్పుడు ఎగిరిన నిప్పురవ్వ అతుక్కున్నదో, తుప్పు గుంతో ఉంటుంది. రాడ్ లోపలికీ బయటికీ వెళ్ళిన ప్రతిసారీ ఆ గుంత అంచు సీల్ పెదవిని కోస్తుంది. అక్కడ ఎన్ని సీళ్ళు మార్చినా దండగే. కాబట్టి రాడ్ బయట ఉన్నప్పుడు పక్కన వెల్డింగ్ చేయించాలంటే తడి గోనెసంచి చుట్టండి, ఇది ఒక్కటి పాటించినా చాలా డబ్బు మిగులుతుంది.

బాగుచేయాలంటే పాత క్రోమ్ తీసి, రాడ్ గ్రైండింగ్ చేసి, సైజు కంటే కాస్త ఎక్కువగా హార్డ్ క్రోమ్ ఎక్కించి, మళ్ళీ సైజుకు గ్రైండింగ్ చేస్తారు. క్రోమ్ ఎక్కే వేగం గంటకు 10 నుంచి 25 మైక్రాన్లు, అందుకే "రేపు పొద్దునకల్లా ఇచ్చేయండి సార్, బండి ఆగిపోయింది" అంటే కుదరదు. లోతు గుంతలను ముందు వెల్డింగ్‌తో పూడ్చాలి, క్రోమ్‌తో పూడ్చలేం.

హైటెన్సిల్ స్టీలు, అంటే ఎక్కువ బలం ఉండే గట్టి స్టీలు అయితే ఇంకో జాగ్రత్త. ప్లేటింగ్‌లో పుట్టే హైడ్రోజన్ స్టీలు లోపలికి దూరి పెళుసుగా చేస్తుంది, బరువు పడ్డాక ఏ రోజో ఠక్కున విరుగుతుంది. అందుకే ప్లేటింగ్ అయిన కొద్ది గంటల్లోనే 200 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో పెట్టాలి. స్ప్రింగులు, గట్టి బోల్టులు ఇచ్చేటప్పుడు బేకింగ్ చేస్తారా అని అడగండి, ఏంటది అన్నారంటే వేరే షాపు చూసుకోండి.

వీడియోలు చూసి ఇంట్లో చేసుకోవచ్చా?

నికిల్, రాగి జాగ్రత్తగా ఉంటే చిన్న చిన్నవి చేసుకోవచ్చేమో. క్రోమ్ వద్దు. మొహమాటం లేకుండా చెప్తున్నా, వద్దు. క్రోమిక్ ఆసిడ్‌లో ఉండేది హెక్సావాలెంట్ క్రోమియం, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మనుషులకు క్యాన్సర్ తెస్తుందని తేలిన మొదటి గ్రూపులో పెట్టింది. పైన చెప్పిన హైడ్రోజన్ బుడగలు పగిలినప్పుడల్లా ఆ ఆసిడ్ సన్నటి తుంపరగా గాలిలోకి లేస్తుంది. ఎగ్జాస్ట్ లేని షెడ్డుల్లో ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళకు ముక్కు మధ్య గోడకే రంధ్రం పడుతుంది, చర్మం మీద మానని పుండ్లు పడతాయి. ఇది కొత్త సంగతి కాదు, ఈ పని మొదలైనప్పటి నుంచీ ఉన్న జబ్బు. ఇప్పుడు ట్రైవాలెంట్ క్రోమ్ అని తక్కువ ప్రమాదం ఉన్న ద్రావణాలు వచ్చాయి, మెరుపు పూతలకు బాగానే నడుస్తున్నాయి, హార్డ్ క్రోమ్‌కు మాత్రం ఇంకా పాతదే ఎక్కువ.

అయితే క్రోమ్ నల్లా నీళ్ళు తాగితే ప్రమాదమా?

కాదు. పూతగా మారాక అది మామూలు లోహం, ముట్టుకున్నా ఏం కాదు. ప్రమాదమంతా ట్యాంకులో ఉన్నప్పుడు, ఆ తర్వాత క్రోమ్ పూత మీద వెల్డింగ్ చేసేటప్పుడు వచ్చే పొగలో. వెల్డింగ్ చేసేచోట పూత గ్రైండింగ్ చేసి తీసేయమని మా పిల్లలకు రోజూ చెప్పాల్సి వస్తుంది.

ఆ ట్యాంకు నీళ్ళు ఎక్కడికి పోతాయి?

చట్ట ప్రకారం అయితే ఆసిడ్ స్థితిలో సోడియం మెటాబైసల్ఫైట్ లాంటిది కలిపి హెక్సావాలెంట్‌ను ట్రైవాలెంట్‌గా మార్చాలి, నారింజ రంగు ఆకుపచ్చగా తిరుగుతుంది, తర్వాత సున్నం వేస్తే బురదగా అడుగుకు దిగుతుంది, ఆ బురదను ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. చట్టం పక్కన పెట్టి మోరీలో వదిలేవాళ్ళూ ఉన్నారు. తాగునీటిలో మొత్తం క్రోమియం లీటరుకు 0.05 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. తమిళనాడులోని రాణిపేటలో క్రోమేట్ ఫ్యాక్టరీ మూతపడ్డాక కూడా దాని వ్యర్థాల గుట్ట కింద భూగర్భ జలాలు పాడవుతూనే ఉన్నాయి. చవక ప్లేటింగ్ ఎందుకు చవకో ఒక్కోసారి ఇలా కూడా అర్థం చేసుకోవాలి.

స్టెయిన్‌లెస్ స్టీలు మీద కూడా క్రోమ్ పూతేనా?

కాదు, అందులో క్రోమియం లోపలే కలిసి ఉంటుంది, కనీసం 10.5 శాతం. మన ఇంటి మంచి గిన్నెల్లో 18 శాతం దాకా. గీత పడ్డా కింద కూడా అదే లోహం కాబట్టి మళ్ళీ తనంతట తానే కాపాడుకుంటుంది. పానాల మీద "క్రోమ్ వెనేడియం" అని చెక్కి ఉండేది కూడా స్టీలులో కలిపిన దాని పేరే, పైన మెరిసే పూత వేరు.

గూగుల్ క్రోమ్‌కూ ఈ క్రోమ్‌కూ ఏమైనా సంబంధం ఉందా? మా అబ్బాయి అడుగుతున్నాడు.

ఉంది, వింతగా. సాఫ్ట్‌వేర్ వాళ్ళు కిటికీ చుట్టూ ఉండే హంగును, అంటే ట్యాబులు, బటన్లు, అడ్రస్ పట్టీ, అంచులు, వీటన్నిటినీ కలిపి క్రోమ్ అంటారు, కారు చుట్టూ మెరిసే పట్టీల్లాగ. 2008 సెప్టెంబరులో గూగుల్ బ్రౌజర్ వచ్చినప్పుడు ఆ హంగు వీలైనంత తగ్గించి, చూసే పేజీకే చోటు ఇవ్వాలన్నది వాళ్ళ ఆలోచన. తగ్గించాలనుకున్న దాని పేరే పెట్టుకున్నారన్నమాట.

క్రోమ్ ఎల్లో, క్రోమ్ లెదర్, మెర్క్యురోక్రోమ్, ఇవన్నీ?

గ్రీకులో క్రోమా అంటే రంగు. 1797లో ఫ్రాన్స్‌కు చెందిన వోక్లాన్ సైబీరియా నుంచి వచ్చిన ఎర్రటి ఖనిజంలో ఈ లోహాన్ని కనిపెట్టినప్పుడు, దాని సమ్మేళనాలు రకరకాల రంగుల్లో ఉండటంతో ఆ పేరు పెట్టారు. కెంపు ఎరుపు, మరకతం పచ్చదనం, రెండూ క్రోమియం పుణ్యమే.

క్రోమ్ ఎల్లో అంటే లెడ్ క్రోమేట్, పెయింట్లలో వాడే పసుపు రంగు, సీసం, క్రోమియం రెండూ ఉన్న విషం. దీన్నే పసుపు కొమ్ములకు మెరుపు కోసం పట్టించే కల్తీగాళ్ళు ఉన్నారు, మరీ నిగనిగలాడే కొమ్ములు చూస్తే నాకైతే అనుమానమే. క్రోమ్ లెదర్ అంటే క్రోమియం ఉప్పుతో ఊనిన తోలు. పాత క్యాసెట్ల మీద ఉండే క్రోమ్ అన్న మాట టేపు మీద పూసిన క్రోమియం డయాక్సైడ్ గురించి. మెర్క్యురోక్రోమ్, అదే చిన్నప్పుడు మోకాలికి పూసిన ఎర్ర మందు, అందులో క్రోమియం చుక్క కూడా లేదు, ఉన్నది పాదరసం. క్రోమోజోమ్‌లోనూ లేదు, రంగు పట్టించి చూశారు కాబట్టి ఆ పేరు.

ప్లేటింగ్‌కు ఇచ్చే ముందు ఏం చేయాలి?

బుష్‌లు, బేరింగులు, రబ్బర్లు, స్టిక్కర్లు అన్నీ తీసేయండి. వంకరలు, సొట్టలు, వెల్డింగులు ముందే చేయించండి, పూత పడ్డాక సుత్తి తాకితే లేస్తుంది. మరలు ఉన్నచోట పూత వద్దని చెప్పండి, లేకపోతే నట్టు ఎక్కదు. అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసి పెట్టుకోండి. పేరు కాగితం మీద రాసి కట్టకండి, ఆసిడ్‌లో మిగలదు, లోపలి వైపు గుర్తు పంచ్ కొట్టించండి. కూలి గురించి బేరం ఆడండి పర్లేదు, నికిల్ మైక్రాన్ల దగ్గర మాత్రం ఆడకండి.